మేమేం చెడిపోయామా?

పిల్లల్ని కొట్టకూడదన్న చర్చ ఏ పెళ్లి పందిట్లో వచ్చినా ఒక పెద్దాయన అందుకుంటాడు: "మా నాన్న బెల్టు తీసేవాడు. అయితే మేమేం చెడిపోయామా?" చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతూ తలూపుతారు. ఇక ఒక్కొక్కరి కథా బయటికొస్తుంది. చింతబరికె, గోడకుర్చీ, ఎండలో మోకాళ్ల మీద నిలబడటం. నిజమే, ఎవరూ చెడిపోలేదు. ఉద్యోగాలు చేశారు, ఇళ్లు కట్టారు, పిల్లల్ని చదివించారు. కానీ ఆ పెద్దాయన ఇంట్లో అడుగుపెట్టగానే టీవీ సౌండు ఎందుకు తగ్గిపోతుందో ఎవరూ అడగరు. పైఅధికారి గొంతు కాస్త లేస్తే యాభై ఏళ్ల మనిషికి చేతులెందుకు చల్లబడతాయో అసలే అడగరు. "ఆయన స్వభావమే అంత" అని సరిపెట్టుకుంటాం.

చిన్నప్పటి గాయం పెద్దయ్యాక ఎక్కువగా ఈ స్వభావం వేషంలోనే కనిపిస్తుంది. అందుకే దాన్ని పోల్చుకోవడం కష్టం.

1985 ప్రాంతంలో అమెరికాలోని శాన్‌డియేగోలో విన్సెంట్ ఫెలిట్టి అనే డాక్టరుకు ఇలాంటి చిక్కే ఎదురైంది. ఆయన కైజర్ పర్మనెంటే సంస్థలో ఊబకాయం తగ్గించే క్లినిక్ నడిపేవాడు. బరువు చక్కగా తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేస్తున్నారు. ఎందుకా అని వాళ్లను కదిపితే, చాలామంది చిన్నతనంలో లైంగిక వేధింపులు అనుభవించినవాళ్లని తేలింది. ఒళ్లు పెరిగితే మగవాడి చూపు పడదన్న ధీమా కొందరిది. డాక్టరు జబ్బనుకుంటున్నది వాళ్లు తమకు తాము రాసుకున్న మందు.

తర్వాత ఆయన, రాబర్ట్ ఆండా అనే మరో డాక్టరు కలిసి 17,000 మందికి పైగా పెద్దవాళ్లను వాళ్ల బాల్యం గురించి అడిగారు. దెబ్బలు, కించపరిచే తిట్లు, లైంగిక వేధింపులు, ఇంట్లో తాగుడు, తల్లి దెబ్బలు తినడం కళ్లారా చూడటం, ఎవరూ పట్టించుకోకపోవడం, ఇలాంటి ప్రశ్నలు. తొలి ఫలితాలు 1998లో వచ్చాయి. అడిగింది మురికివాడల్లో కాదు, ఆరోగ్య బీమా ఉన్న, ఎక్కువగా మధ్యతరగతి జనాన్ని. అయినా దాదాపు మూడింట రెండొంతుల మందికి వీటిలో కనీసం ఒక్కటైనా ఉంది. నాలుగు, అంతకు మించి ఉన్నవాళ్లలో తాగుడు, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నాల ముప్పు, ఏ ఒక్కటీ లేనివాళ్లతో పోలిస్తే, 4 నుంచి 12 రెట్లు కనిపించింది. గుండెజబ్బులు కూడా ఎక్కువే.

మన సంగతి? 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగించిన నివేదిక ఒకటుంది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్లే. సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు.

అంకెల్ని పక్కనపెట్టి, తాగే తండ్రి ఉన్న ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి ఊహించుకోండి. రాత్రి తొమ్మిదిన్నరకు వీధిలో స్కూటర్ ఆగుతుంది. స్టాండు ఒక్క తన్నుకే పడితే ఫర్వాలేదు, అన్నం తిని పడుకోవచ్చు. రెండుమూడుసార్లు కాలు జారిందంటే చెల్లెల్ని లేపి పెరట్లోకి తీసుకెళ్లిపోవాలి. ఆ లెక్క వాడికెవరూ నేర్పలేదు. శబ్దం వినగానే గుండె వేగం పెరగడం, కండరాలు బిగుసుకోవడం, అడ్రినలిన్, కార్టిజాల్ హార్మోన్లు ఒంట్లో పారడం, అంతా ఆపదలో ప్రాణం కాపాడే ఏర్పాటే. ఎప్పుడో ఒకసారి అయితే అది సర్దుకుంటుంది. రోజూ అదే తంతయితే, ఆపద లేనప్పుడు కూడా శరీరం కాపలా దిగదు.

ఆ పిల్లవాడు ఇప్పుడు నలభై ఏళ్ల టీమ్ లీడర్. భార్య గిన్నె కాస్త గట్టిగా పెడితే "ఏమైంది? నేనేమైనా అన్నానా?" అంటాడు. మేనేజరు "ఫ్రీ అయ్యాక కాల్ చెయ్యండి" అని మెసేజ్ పెడితే మధ్యాహ్నం అన్నం సహించదు. కాదనడం చేతకాదు. ఆఫీసులో మాత్రం మంచి పేరు: ఎవరికేం కావాలో అడక్కుండానే కనిపెడతాడట! ఇలాంటి బాధను మనం గుణంగా మెచ్చుకుని ఇంకా పెంచుతాం. "ఏ గొడవా చెయ్యదు, బంగారుతల్లి" అని ముద్దుచేసిన ఆడపిల్లలు ఎంతమంది, గొడవ చేస్తే ఏమవుతుందో ముందే చూసి ఊరుకున్నారో!

దెబ్బే పడనక్కర్లేదు కూడా. ఆరో తరగతికే హాస్టల్లో చేరి, ఆదివారం వచ్చే ఫోన్లో "ర్యాంకెంత?" తప్ప మరో ప్రశ్న వినని పిల్లలు మన దగ్గర తక్కువేం కాదు. తల్లిదండ్రులు అప్పులు చేసి మరీ చదివించారు, అది ప్రేమే. ఆ ప్రేమ ర్యాంకు కార్డుతో పాటే వస్తుందని పిల్ల అర్థం చేసుకుంది. పెద్దయ్యాక ఎంత సాధించినా చాలదనిపించే మనుషుల్లో ఇలాంటివాళ్లు కొందరుంటారు.

అలాగని ఇదేదో జాతకం కాదు. ఫెలిట్టి, ఆండా అడిగిన ప్రశ్నలకు మార్కులు వేసుకుని "నా స్కోరు ఆరు, ఇక నా బతుకింతే" అనుకోవడం శుద్ధ తప్పు. ఒక్కో మనిషి భవిష్యత్తు చెప్పడానికి ఆ స్కోరు పనికిరాదని 2020లో ఆండాయే రాశాడు. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ అనే మనస్తత్వవేత్త దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, తాగుడు, కలహాల మధ్య పెరిగినవాళ్లలో దాదాపు మూడోవంతు సమర్థులుగా, నిబ్బరంగా ఎదిగారు. వాళ్ల బాల్యంలో తరచూ కనిపించింది తమను మనస్ఫూర్తిగా పట్టించుకున్న ఒక పెద్దదిక్కు. కన్నవాళ్లే కానక్కర్లేదు, అమ్మమ్మో, టీచరో, పొరుగింటి మనిషో. మన పెద్దాయన కథలోనూ బెల్టు పక్కనే ఎక్కడో ఒక నాయనమ్మ ఉండే ఉంటుంది. బాగుపడ్డందుకు పేరు మాత్రం బెల్టుకు పోయింది.

మరి మనం చేయగలిగిందేమిటి? విషయం చిన్నదై కోపమో, భయమో పెద్దదైన సందర్భాలను పట్టుకోండి. ఆ క్షణంలో విశ్లేషణ కుదరదు. కాళ్లు నేలకు ఆనించి, ఊపిరి నెమ్మదిగా వదిలి, జవాబు పది నిమిషాలు వాయిదా వేస్తే చాలు. తీరిక దొరికాక రాసుకోండి. జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వవేత్త 1986లో విద్యార్థులతో వరుసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట, తమ గాయాల గురించి రాయించాడు. రాసిన వెంటనే దిగులు పెరిగినా, తర్వాతి నెలల్లో వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. అయితే రాస్తుంటే నిద్ర పట్టకపోయినా, పాత దృశ్యాలు మీదపడినా అక్కడితో ఆపేయండి. అది ఒంటరిగా చేసే పని కాదు.

అమ్మానాన్నల్ని నిలదీయాలా అని చాలామంది అడుగుతారు. తప్పనిసరేమీ కాదు. "అదేం లేదు, నీకు అన్నీ అతిగానే గుర్తుంటాయి" అన్న జవాబు వస్తే గాయం రెండోసారి రేగుతుంది. వాళ్లను అర్థం చేసుకోవడం వేరు, జరిగింది సరేననడం వేరు. మొదటిది చేస్తూనే రెండోది మానుకోవచ్చు. క్షమించి తీరాలని ఒత్తిడి చేసే బంధువుల మాట నాకైతే నచ్చదు.

సాయం కావాలనుకుంటే 14416కి ఫోన్ చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సేవ నంబరది. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే మొదటిరోజే అంతా చెప్పాలేమోనన్న భయం వద్దు. మంచి కౌన్సెలర్ ముందుగా అడిగేది నిద్ర, ఆకలి, ఇప్పుడు ఇంట్లో మీరు క్షేమంగా ఉన్నారా లేదా అన్నదే. పాత సంగతులు ఎప్పుడు, ఎంతవరకు చెప్పాలో మీ ఇష్టం. తొందరపెడుతున్నారనిపిస్తే మరొకరిని చూసుకోండి.