వృషణము మెలిపడుట: జంతు పరిశోధనలు నేర్పిన పాఠము

పైకి గాయమేమియు లేకయే శరీరములోని ఒక అవయవము కొద్ది గంటలలో నశింపవచ్చును. వృషణము మెలిపడుట అట్టి ఆపద. ఇది కుక్కలలోను గుఱ్ఱములలోను అరుదుగా కనబడును. కడుపులోనే నిలిచిపోయిన వృషణమునందు కంతి పెరిగిన కుక్కలకు ఈ ప్రమాద మెక్కువ. మనుష్యులలో ముఖ్యముగా 12 మొదలు 18 సంవత్సరముల బాలురకు వచ్చును.

వృషణమునకు నెత్తురు తెచ్చు ధమనియు, కొనిపోవు సిరలును ఒకే త్రాటివలె కూడియుండును. అది మెలిపడినచో పలుచని గోడలుగల సిరలు ముందుగా మూసికొనును; వృషణము ఉబ్బును. పిదప ధమనియు మూసికొని ప్రాణవాయువు అందకపోవును.

మెలిక విప్పినంతనే కష్టము తీరునని తోచును. కాని ఎలుకలపై జరిగిన ప్రయోగములు వేరు సంగతి తెలిపినవి. వృషణమును 720 డిగ్రీలు, అనగా రెండు పూర్తి చుట్లు త్రిప్పి, ఒకటి రెండు గంటల పిమ్మట విప్పిరి. నెత్తురు మరల ప్రవహించినను బీజకణములు అనేకము నశించినవి. ఏలయన, తిరిగి వచ్చిన ప్రాణవాయువులో కొంత భాగము సూపర్ ఆక్సైడు, హైడ్రోజన్ పెరాక్సైడు వంటి తీవ్ర పదార్థములుగా మారి కణముల పొరలలోని క్రొవ్వును చెరచును. తెల్ల రక్తకణములు అచట గుమిగూడి హానిని హెచ్చించును. దీనినే ఆక్సీకరణపు ఒత్తిడి యందురు. కొన్ని మందులు ఎలుకలలో ఈ హానిని తగ్గించినవి గాని, శస్త్రచికిత్సకు బదులు కాగల మందు లేదు. మెలిక నిలిచిన కాలము పెరిగినకొలది నష్టమును పెరుగును.

బాలురలో 6 గంటలలోపు మెలిక విప్పినచో నూటికి 90 వంతులకు పైగా వృషణము దక్కును. 24 గంటలు దాటినచో దక్కుట అరుదు.

కావున బాలునకు హఠాత్తుగా వృషణమునందు తీవ్రమైన నొప్పి, వాపు, వాంతులు కలిగినచో పట్టు వేయుట, తోముట, తెల్లవారనిమ్మనుట తగదు. సిగ్గుచే కొందరు పొత్తికడుపు నొప్పి యని మాత్రమే చెప్పుదురు; పెద్దలు అడిగి తెలిసికొనవలెను. వెంటనే 108కి ఫోను చేయవలెను. జంతువునకైనచో 1962కు తెలుపవలెను.

రాత్రివేళ శస్త్రచికిత్స జరుగు దగ్గరి ఆసుపత్రి ఏదో పంచాయతీ సభ్యులు ముందుగనే విచారించి యుంచుకొనవలెను. ఈ విషయమును ఉన్నత పాఠశాలలోని బాలురకు ఉపాధ్యాయులచే చెప్పింపవలెనని కోరుచున్నాము. ఇందుకు పంచాయతీ నిధులు అక్కరలేదు. సిగ్గు విడిచి మాటాడుటయే కావలెను.