కారు ఎత్తు – చక్రాల వరుస : ఒక పరిశీలన

కారును నేలకు దగ్గరగా దించి నడుపుట యువకులలో పలువురికి ఒక ముచ్చటగా ఉన్నది. చక్రములు రెక్కల క్రింద సగము దాగి, బండి నేలను అంటుకొని పోవుచున్నట్లు కనబడుట వారికి అందము. ఈ ముచ్చటను పరిహసించుట మా ఉద్దేశము కాదు. అందము కోరుట తప్పు కాదు. కాని యంత్రమున ఒక భాగమును కదిలించినప్పుడు దానితో ముడిపడిన భాగములన్నియు కదులునని తెలియకపోవుట ప్రమాదము.

కారు ఎత్తు తగ్గుట రెండు విధములు. యజమాని కోరి స్ప్రింగులు మార్చి తగ్గించునది ఒకటి. ఏండ్ల తరబడి బరువులు మోసి స్ప్రింగులు కుంగి తనంత తాను తగ్గునది రెండవది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెబాటలలో పరిమితికి మించి మనుషులను, మూటలను మోసిన అద్దెకార్లలో ఈ రెండవ విధము పూర్వము నుండియు సాధారణము. మొదటిది వేడుక, రెండవది బీదరికము. కాని చక్రములకు ఆ భేదము తెలియదు. రెండింటి ఫలితమును ఒక్కటే. ఎత్తు మారినచో చక్రపు కోణము మారును. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే.

స్ప్రింగు చేయు పని

రోడ్డు మీది ఎగుడుదిగుడులను చక్రము అనుసరింపవలెను. కారు పెట్టె మాత్రము వీలయినంత నిలకడగా ఉండవలెను. ఈ రెండింటికి మధ్యవర్తి స్ప్రింగు. స్ప్రింగు ఊపును త్వరగా అణచునది షాక్ అబ్జార్బరు.

భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలిసిన సూత్రము ప్రకారము, కారు బరువుకు స్ప్రింగు 20 సెంటీమీటర్లు కుంగినచో ఆ కారు నిమిషమునకు సుమారు 67 మారులు ఊగును. మనిషి నడకకు ఇది ఇంచుమించు దగ్గర గనుక శరీరమునకు హాయిగా ఉండును. అదే స్ప్రింగు 10 సెంటీమీటర్లు మాత్రమే కుంగునంత గట్టిదైనచో ఊపులు సుమారు 95కు పెరుగును. అప్పుడు ప్రయాణము కుదుపుగా తోచును.

చవుకగా ఎత్తు తగ్గింపగోరువారు చుట్టల స్ప్రింగును రంపముతో కోయించుట కలదు. ఎనిమిది చుట్టలలో రెండు కోసినచో స్ప్రింగు పొట్టిదగుటయే గాక, మూడింట ఒక వంతు అధికముగా గట్టిపడును. కోసిన కొన తన గిన్నెలో సరిగా కూర్చొనదు. చక్రము గోతిలోనికి దిగినప్పుడు స్ప్రింగు స్థానము తప్పవచ్చును. కొందరు గ్యాసు మంటతో స్ప్రింగును కాల్చి కుంగదీయుదురు. ఇది మరింత చెడ్డది. ఉక్కుకు కార్ఖానాలో పెట్టిన పదును మంటతో పోవును. పదును పోయిన స్ప్రింగు ఎప్పుడు విరుగునో చెప్పలేము.

మన వీథులలో తిరిగిన కార్లు

బ్రాడీపేట లైన్లలో దశాబ్దముల పాటు తిరిగిన అంబాసిడరు కారుకు ముందు ప్రక్క మెలికపడు ఉక్కు కడ్డీలు, వెనుక ప్రక్క కమాను కట్టలు ఉండెడివి. ఈ కారు తయారీ 2014లో నిలిచిపోయినది. మెలిక కడ్డీని బిగించు చోట కోణము కొంచెము మార్చినచో ముందుభాగపు ఎత్తు మారును. కుంగిన అంబాసిడరును తిరిగి ఎత్తుటకు ఉపయోగపడిన ఉపాయమును తారుమారు చేసినచో దించుటకును ఉపయోగపడును. ప్రీమియర్ పద్మినికి ముందు చుట్టల స్ప్రింగులు, వెనుక కమాను కట్టలు. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800కు ముందు ప్రక్క స్ప్రింగు, షాక్ అబ్జార్బరు ఒకే నిలువు స్తంభముగా కూర్చబడినవి. ఈ ఏర్పాటునకు మెక్‌ఫర్సన్ స్ట్రట్ అని పేరు. అమెరికా ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ రూపొందించిన ఈ పద్ధతి 1950లో ఇంగ్లండునందలి ఫోర్డు కార్లలో వాడుకకు వచ్చినది. నేటి చిన్న కార్లలో అధికభాగము ముందు ప్రక్క ఈ పద్ధతినే అనుసరించుచున్నవి.

దించుట వలన లాభమెంత?

కారు గరిమనాభి క్రిందికి వచ్చినచో మలుపులో ఒరుగుట తగ్గునని చెప్పుదురు. ఇందు సత్యము లేకపోలేదు; కాని ఎంత సత్యమో లెక్క కట్టి చూతము. 1000 కిలోల కారు, చక్రముల మధ్య వెడల్పు 140 సెంటీమీటర్లు, గరిమనాభి ఎత్తు 55 సెంటీమీటర్లు అనుకొందము. గురుత్వములో పదింట నాలుగు వంతుల బలముతో మలుపు తిరిగినప్పుడు లోపలి చక్రముల నుండి వెలుపలి చక్రములకు సుమారు 157 కిలోల బరువు మారును. కారును 3 సెంటీమీటర్లు దించినచో ఈ బరువు సుమారు 149 కిలోలగును. అనగా లాభము నూటికి అయిదు పాళ్లు మాత్రమే. పందెపు బాటపై ఇది విలువైనదే. బ్రాడీపేటలో ప్రతి అడ్డరోడ్డు వద్దను ఆగి మలుపు తిరుగువానికి దీనితో పని లేదు.

మరియొక విశేషము కలదు. స్ట్రట్ పద్ధతి గల కారును దించినప్పుడు గరిమనాభి దిగినదానికంటె కారు ఒరుగుటకు ఆధారమైన కేంద్రము అధికముగా దిగును. రెండింటి మధ్య దూరము పెరుగును. కావున స్ప్రింగులు తగినంత గట్టివి కానిచో దించిన కారు ఒరుగుట తగ్గదు సరిగదా, పెరుగుటకును అవకాశము కలదు.

మూడు కోణములు

చక్రము నిటారుగా, నేరుగా నిలిచి ఉన్నట్లు కంటికి తోచును గాని దాని నిలుపుదలలో మూడు కోణములు ఇమిడియున్నవి.

మొదటిది క్యాంబరు. ముందునుండి చూచినప్పుడు చక్రము పై అంచు లోపలికి గాని వెలుపలికి గాని వాలుట క్యాంబరు. ఇది మితిమీరినచో టైరు ఒక అంచున మాత్రమే అరుగును.

రెండవది క్యాస్టరు. చక్రము తిరుగు ఇరుసుగీత ప్రక్కనుండి చూచినప్పుడు వెనుకకు వాలియుండుట క్యాస్టరు. సైకిలు ముందు ఫోర్కు వాలుగా ఉండుట అందరును చూచినదే. మలుపు తరువాత స్టీరింగు తనంత తాను నేరుగా వచ్చుటకు ఈ వాలు ముఖ్యకారణము.

మూడవది టో. పైనుండి చూచినప్పుడు రెండు చక్రముల ముందు అంచులు వెనుక అంచులకంటె దగ్గరగా గాని దూరముగా గాని ఉండుట టో. టైరును త్వరగా తినివేయునది ఇదియే. 60 సెంటీమీటర్ల వ్యాసము గల చక్రముల జతలో 3 మిల్లీమీటర్ల తేడా వచ్చినదనుకొందము. ఒక్కొక్క చక్రమును కిలోమీటరుకు రెండున్నర మీటర్లు ప్రక్కకు ఈడ్చినంత పని జరుగును. గుంటూరు నుండి ఒంగోలుకు సుమారు 110 కిలోమీటర్లు పోవునప్పటికి ఈ ఈడ్పు 275 మీటర్లగును! కంటికి కానరాని 3 మిల్లీమీటర్లు టైరును ఇంత దూరము గరుకు రోడ్డుపై రుద్దుచున్నవన్నమాట.

మలుపులో లోపలి చక్రము వెలుపలి చక్రముకంటె అధికముగా తిరుగవలెనను సూత్రమును 1817లో మ్యూనిక్ నగరమున లాంకెన్‌స్పెర్గర్ గుర్రపుబండి కొరకు కనుగొనగా, 1818లో లండనులో అకర్‌మన్ దానికి పేటెంటు పొందెను. స్టీరింగు కడ్డీల పొడవులు ఈ సూత్రము ననుసరించియే నిర్ణయింపబడును. కావున వాటిని తోచినట్లు వంచుట, పొడిగించుట తగదు.

ఎత్తు తగ్గినచో కోణమేల మారును?

చక్రమును పట్టియుంచు క్రింది చేయి ఒక వృత్తఖండము గీయుచు పైకి క్రిందికి కదులును. స్టీరింగు టైరాడ్ మరియొక వృత్తఖండము గీయును. కార్ఖానాలో నిర్ణయించిన ఎత్తున ఈ రెండు వృత్తములు ఇంచుమించు జతగా సాగును. కారును దించినప్పుడు రెండును తమ వృత్తముల వేరొక భాగమునకు చేరును. అచట జత తప్పును, టో మారును. స్ట్రట్ కార్లలో చక్రము పై అంచు లోపలికి వాలుట కూడ సాధారణము.

నిలిచియున్నప్పుడు టోను సరిచేసినంత మాత్రమున కథ ముగియదు. గోతిలోనో మిట్టపైనో చక్రము కదలినప్పుడెల్ల, డ్రైవరు త్రిప్పకయే చక్రము కొంత తిరుగును. వేగముగా పోవుచున్న కారు గతుకు వద్ద ప్రక్కకు లాగుటకు ఇది ఒక కారణము. వెనుకనున్నది మన కుటుంబము, ఎదురుగా వచ్చునది మిరప టిక్కీల లారీ అయినప్పుడు ఈ కొంచెమే మిక్కిలి యగును.

మన నేల, మన రోడ్డు

మన మైదానములందు అధికభాగము నల్లరేగడి నేల. వానకు ఉబ్బుట, ఎండకు నెరియలు విచ్చుట దాని స్వభావము. దానిపై వేసిన రోడ్డు తగిన పునాది లేనిచో అలలవలె ఎగుడుదిగుడగును. ఇట్టి రోడ్డుపై చక్రమునకు పైకి కదలు చోటు అత్యవసరము. చక్రము పైకి 8 సెంటీమీటర్లు కదలగల కారును 4 సెంటీమీటర్లు దించినచో ఆ చోటు సగమగును. మిగిలిన దెబ్బ రబ్బరు ఆపుకు, అటుపై పెట్టెకు తగులును.

వేగనిరోధకముల సంగతి చూడుడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు ప్రమాణము ప్రకారము గుండ్రని మిట్ట 3.7 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండవలెను. ముందు వెనుక ఇరుసుల మధ్య 2.4 మీటర్లున్న కారు దానిపై నిలిచినప్పుడు పెట్టె క్రింద పొడుచుకొని వచ్చు భాగము నాలుగు సెంటీమీటర్లకు కొంచెము పైన మాత్రమే. దించిన కారైనను దీనిని దాటగలదు. కాని ఇరుకుగా, నిటారుగా, 15 సెంటీమీటర్ల ఎత్తున ఎవరో పోసిన మిట్ట ఎదురైనచో, 17 సెంటీమీటర్ల నేల ఎత్తు గల కారు తప్పించుకొనును. 4 సెంటీమీటర్లు దించిన అదే కారు అడుగు రాచుకొనును. ఇంజను ఆయిలు తొట్టి పగులుటకు అట్టి దెబ్బ ఒక్కటి చాలును.

వరుస సరిచూచు క్రమము

ఎత్తు ఏ కారణమున మారినను ఈ క్రమమును పాటింపవలెను. మొదట నాలుగు టైర్లలో గాలి సరిచూడవలెను. తరువాత బేరింగులు, బాల్ జాయింట్లు, రబ్బరు బుష్షులు వదులు లేకుండ ఉన్నవేమో పరీక్షింపవలెను. వదులుగా ఉన్నదానికి కొలత నిలువదు. పిమ్మట సమతలముపై కారును నిలిపి నాలుగు మూలల ఎత్తు కొలువవలెను. కారును పైకి క్రిందికి ఊపి, కొంత ముందుకు వెనుకకు దొర్లించినగాని స్ప్రింగులు తమ సహజస్థితికి రావు.

అటు పిమ్మట క్యాస్టరు, క్యాంబరు, చివర టో. ఈ వరుస మార్చరాదు. ఏలననగా క్యాంబరు మార్చినచో టో మారును. వెనుక చక్రములు సరిచూడక ముందు చక్రములను మాత్రమే సరిచేసినచో కారు కొంత అడ్డముగా నడచును.

కంప్యూటరు యంత్రము లేని చోట దారముతోను తొలి పరీక్ష చేయవచ్చును. కారుకు ఇరుప్రక్కల చక్రపు నడిమి ఎత్తున రెండు దారములు లాగి, ముందు వెనుకల వాటి మధ్య దూరము సమానముగా ఉండునట్లు, కారు నడుమగీతకు సరిగా నిలుపవలెను. స్టీరింగును నేరుగా నిలిపి, ప్రతి చక్రపు రిమ్ము ముందు అంచుకు, వెనుక అంచుకు దారము నుండి గల దూరము కొలిచినచో, ఆ తేడాయే ఆ చక్రపు టో. ఉండదగిన కొలత మాత్రము ఆ కారు తయారీదారు పుస్తకమునందు చూడవలెను.

క్రొత్త స్ప్రింగులు కొన్నాళ్లకు కొంత కుంగును గనుక మరల ఒకసారి కొలువవలెను. ముందు దీపముల కాంతి పడు చోటును, బ్రేకు గొట్టములు చక్రమునకు రాచుకొనుటను పరిశీలింపవలెను. కొన్ని వాహనములలో వెనుక ఇరుసు ఎత్తునుబట్టి వెనుక బ్రేకు బలమును నిర్ణయించు కవాటము ఉండును. వెనుకభాగము దించినచో బండిలో బరువున్నదని అది భ్రమించి, వెనుక చక్రములకు ఎక్కువ బ్రేకు పంపును.

చట్టము మాట

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, తయారీదారు మొదట నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును గట్టిగా సమర్థించినది. అదే సంవత్సరపు సవరణ ననుసరించి, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చును.

విద్యార్థులకు

మన పాఠకులలో కొందరు రేపు కార్లు కొనువారు. మరికొందరు గుంటూరు, విజయవాడ ఆటోనగర్‌లలో కార్లు బాగుచేయువారు. కొనువానికి మేము చెప్పునది: చట్టము ఒప్పని దానికి, మన రోడ్డు మోయలేని దానికి డబ్బు వ్యయము చేయకుము. బాగుచేయువానికి చెప్పునది: కుంగిన స్ప్రింగును మొదటి ఎత్తునకు తెచ్చి, వరుస సరిచేసి ఇచ్చుట నీ విద్య. యజమాని తొందరపెట్టినను రంపము, గ్యాసు మంట చేతబట్టకుము. రెండు నెలలకు ఒకసారి టైరుపై అడ్డముగా అరచేయి నిమిరి చూడుము. ఒక వైపు నునుపుగాను, మరియొక వైపు రంపపు పళ్లవలెను తగిలినచో టో తప్పినదని గ్రహింపుము. ఈ పరీక్షకు ఖర్చు లేదు. దానిని మరచినందుకు చెల్లింపవలసిన మూల్యము మాత్రము టైరుతో ఆగకపోవచ్చును.