కంచం ముందు భయం: ఆహార రుగ్మత నుంచి కోలుకునే దారి



కంచంలో మెతుకు వదిలితే ఊరుకోని అమ్మల పిల్లలం మనం. కూలి దొరకని రోజున గంజితో సరిపెట్టుకున్న కథలు విని పెరిగాం. అందుకే ఎదురుగా అన్నం ఉన్నా తినలేని జబ్బు ఒకటుందంటే మనవాళ్ళు నమ్మరు. "కడుపు నిండినవాళ్ళ వేషాలు" అని కొట్టిపారేస్తారు. ఎం.ఎస్సీ. సైకాలజీలో ఈ పాఠం చదువుతున్నప్పుడు నాకు గుర్తొచ్చింది మన మెస్ వరుసే. ఈ జబ్బుకు ధనిక, పేద తేడా లేదు. ఆడపిల్లలకే వస్తుందనుకోవడం కూడా పొరపాటే. అందుకే ఈ పాఠాన్ని మన భాషలో మీ ముందు పెడుతున్నాను.

ఏమిటీ జబ్బు?

ఇందులో ముఖ్యంగా మూడు రకాలున్నాయి.

1. అనోరెక్సియా నెర్వోసా: లావవుతామన్న తీవ్రమైన భయంతో తిండి బాగా తగ్గించేయడం. ఎంత చిక్కిపోయినా తాము లావుగానే ఉన్నామనిపిస్తుంది. లండన్ వైద్యుడు విలియం గల్ 1873లో దీనికి ఈ పేరు పెట్టాడు.

2. బులీమియా నెర్వోసా: అదుపు తప్పి ఒకేసారి చాలా తినేయడం, తర్వాత భయపడి వాంతి చేసుకోవడం లేదా రోజుల తరబడి పస్తుండటం. 1979లో జెరాల్డ్ రస్సెల్ దీన్ని వేరే జబ్బుగా వివరించాడు. ఈ రోగుల బరువు చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. కాబట్టి మనిషిని చూసి కనిపెట్టలేం.

3. బింజ్ ఈటింగ్ డిజార్డర్: ఆకలి లేకున్నా చాటుగా, అదుపు లేకుండా తినేసి, తర్వాత సిగ్గుతో కుమిలిపోవడం. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దీన్ని ప్రత్యేక జబ్బుగా తన పుస్తకంలో చేర్చింది.

భక్తితో ఒక్కపొద్దు ఉండటం, కూర నచ్చక తక్కువ తినడం జబ్బులు కావు. క్షయ, కామెర్లు, దిగులు వంటి వాటివల్ల కూడా ఆకలి చచ్చిపోతుంది. ఏ కారణమో తేల్చవలసింది డాక్టరే.

ఆకలి మనసును ఏం చేస్తుంది?

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 1944, 1945లలో ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో ఆయుధం పట్టమన్న 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు దానికి ముందుకొచ్చారు. ఆరు నెలల పాటు వాళ్ళకు బాగా తక్కువ తిండి పెట్టారు. వాళ్ళలో ఎవరికీ మొదట ఆహార రుగ్మత లేదు. అయినా కొన్ని వారాలకే తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. వంటంటే ఆసక్తి లేనివాళ్ళు కూడా వంటల పుస్తకాలు చదవసాగారు. కంచాలు నాకారు. చలికి వణికారు. చిన్నమాటకే చిరాకుపడ్డారు, స్నేహితులకు దూరమయ్యారు. మళ్ళీ తిండి పెట్టాక కూడా చాలామందికి నెలల పాటు కడుపు నిండినట్టే అనిపించలేదు.

ఇందులో మనకు గొప్ప పాఠముంది. రోగి చిరాకు, ఒంటరితనం, తిండి గురించే ఆలోచన చాలావరకు ఆకలి చేసే పని. అది ఆ మనిషి గుణం కాదు. ఆకలి తీరకుండా ఎంత బుద్ధి చెప్పినా తలకెక్కదు. అందుకే కోలుకోవడం తిండితోనే మొదలవ్వాలి.

కోలుకునే మెట్లు

మొదటిది వైద్య పరీక్ష. తిండి చాలకపోతే గుండె వేగం తగ్గుతుంది, ఎముకలు గుల్లబారతాయి, ఆడపిల్లలకు నెలసరి ఆగిపోవచ్చు. మాటిమాటికీ వాంతి చేసుకుంటే పళ్ళపై పింగాణీ పొర అరిగిపోతుంది, రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. ఇంకొక ముఖ్య విషయం. చాలాకాలం పస్తున్నవారికి ఒక్కసారిగా కడుపునిండా పెడితే రక్తంలో ఫాస్ఫేటు హఠాత్తుగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే బాగా చిక్కిపోయినవారికి బలవంతంగా తినిపించకూడదు. డాక్టరు చెప్పిన లెక్కలో పెంచుకుంటూ పోవాలి.

రెండవది వేళకు తినడం. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ రూపొందించిన చికిత్సలో ఇదే పునాది. రోజుకు మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి, నాలుగు గంటలకు మించి ఖాళీ ఉండకూడదు. పొద్దంతా పస్తుంటేనే రాత్రి అదుపు తప్పుతుంది. ఆకలి వేసిందా లేదా అని చూడకుండా గంట చూసి తినాలి. ఒక విధంగా మన మెస్ గంట కూడా మందే.

మూడవది మనసు పని. "నా విలువ నా బరువులో ఉంది" అన్న ఆలోచనను కౌన్సెలర్ సాయంతో కొంచెం కొంచెంగా సడలించుకోవాలి. బులీమియాలో కొందరికి మందులు కూడా ఉపయోగపడతాయి. అవి డాక్టరు రాస్తేనే వాడాలి.

నాలుగవది తోడు. లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రి వైద్యులు పిల్లల చికిత్సలో తల్లిదండ్రులనే ముందు నిలబెట్టారు. తప్పెవరిదని వెతక్కుండా, పక్కన కూర్చుని ఓపికగా తినిపించడం వాళ్ళ పని. హాస్టల్లో అమ్మానాన్నలు దగ్గర ఉండరు. ఇంటికి కబురు చేరేదాకా ఆ పీట మీద కూర్చోవలసింది మనమే.

ఏళ్ళు గడిచిపోతే?

పదేళ్ళుగా ఉన్న జబ్బు ఇక పోదని చాలామంది నిరాశపడతారు. అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో ఈ రోగులను ఇరవై ఏళ్ళకు పైగా గమనించి, ఫలితాలను 2017లో ప్రకటించారు. అనోరెక్సియా ఉన్నవారిలో తొమ్మిదేళ్ళ నాటికి కోలుకున్నవారు నూటికి 31 మందే. 22 ఏళ్ళ నాటికి ఆ సంఖ్య సుమారు 63కు పెరిగింది. బులీమియాలో 68 మంది కోలుకున్నారు. అంటే ఆలస్యమైనంత మాత్రాన తలుపు మూసుకుపోదు. అయితే అందరూ కోలుకోలేదన్నది కూడా నిజమే. కనుక ఎంత త్వరగా చెబితే అంత మేలు.

దారిలో జబ్బు తిరగబెట్టవచ్చు. ఒక పూట తప్పితే మరుసటి పూట మళ్ళీ మొదలుపెట్టాలి. అంతవరకు నడిచిన దారి వృథా కాదు.

మనం చేయవలసినవి

• "బొండాం", "పుల్ల" అనే పేర్లు మానుకుందాం. ఒంటి గురించిన వెటకారం ఎంత లోతుగా గుచ్చుకుంటుందో అన్నవాళ్ళకు తెలియదు.

• ఎవరైనా రోజూ భోజనం తప్పించుకుంటున్నా, తిన్న వెంటనే బాత్రూముకు పోతున్నా నలుగురిలో అడగొద్దు. ఒంటరిగా, మెల్లగా అడగండి.

• స్పృహ తప్పినా, గుండె దడ వచ్చినా వార్డెన్‌కు చెప్పి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అది చాడీ చెప్పడం కాదు.

• టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరులో మొదలైన ఈ ప్రభుత్వ సేవకు పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. హైదరాబాదు ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలున్నాయి.

చివరిగా ఒక మాట. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. మీలో చాలామందికీ అంతే కావచ్చు. ఇంటిల్లిపాది ఆశ భుజాన మోసేవాళ్ళకు "నాకు బాగాలేదు" అనడం సిగ్గుగా ఉంటుంది. ఫోనులో అమ్మ మొదట అడిగేది "తిన్నావా బిడ్డా?" అనే. తినకున్నా "తిన్నానమ్మా" అని రోజూ చెప్పవలసి వస్తోందంటే, ఆ సంగతి ఈ రోజే ఒక్కరికైనా చెప్పండి. జ్వరం వస్తే చెప్పినట్టే చెప్పండి.

— పూర్వ విద్యార్థిని, ఎం.ఎస్సీ. (సైకాలజీ)