అల్లుడికి, బండి కొనే ముందు



ఇక్కడ నంద్యాలలో విత్తనాల కంపెనీలో ఉద్యోగం వచ్చిందనీ, ఆళ్లగడ్డ నుంచి రోజూ వచ్చిపోవడానికి బండి కొంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. చేతిలో నలభై ఐదు వేలున్నాయంట. ముప్పై వేలు ముందు కట్టి, మిగతాది వాయిదాల మీద 160 సీసీ బండి తీసుకుందామని షోరూముకి కూడా పోయొచ్చావంట. నీ సంపాదనతో నువ్వు బండి ఎక్కాలనుకోవడం నాకు చాలా సంతోషం. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని రాసి పంపుతున్నా. తొందరపడకుండా చదువు.

బండి రంగూ సీసీలూ పక్కన పెట్టి, ముందు కిలోమీటర్లు లెక్కెయ్యి. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకి నలభై కిలోమీటర్ల పైమాటే. రానూ పోనూ ఎనభై ఐదు అనుకో. నెలకి పాతిక రోజులు తిరిగితే రెండు వేలు దాటుతుంది, ఏడాదికి పాతిక వేలు. లీటరు పెట్రోలు 110 అనుకో. లీటరుకి నలభై ఐదు ఇచ్చే 160 సీసీ బండికి నెలకి ఐదు వేల రెండొందలు పెట్రోలుకే పోతుంది. అరవై ఇచ్చే వంద సీసీ బండికైతే నాలుగు వేల లోపు. వాయిదా ఇంకో మూడున్నర వేలు. కొత్త ఉద్యోగంలో నెల జీతం నుంచి ఎనిమిది వేల ఏడొందలు బండి కిందకే పోతే ఇంటికి ఏమిస్తావు? 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకి జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గిందని షోరూము అబ్బాయి చెప్పింది నిజమే. కానీ బండి ధర తగ్గినంత మాత్రాన నువ్వు తిరిగే దూరం తగ్గదు కదా.

నా మాట వింటే ఆ నలభై ఐదులో ముప్పై వేలు దాటకుండా సెకండ్ హ్యాండ్ వంద సీసీ బండి తీసుకో. మిగిలిన పదిహేను వేలూ ఖర్చు కాకుండా మిగిలిన డబ్బనుకోవద్దు. అది నీ తలకీ, టైర్లకీ, కాగితాలకీ. డబ్బు తక్కువున్నప్పుడు బండిలో తగ్గించు, ఈ మూడింట్లో తగ్గించొద్దు. నేను ఈ ఉత్తరంలో చెప్పదలుచుకున్నదంతా ఇదే.

వంద సీసీ ఎందుకంటే, 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చినప్పటి నుంచి మన పల్లెల్లో మెకానిక్కుల చేతులు ఆ రకం ఇంజన్‌కి అలవాటుపడ్డాయి. సామాన్లు ఏ అంగట్లోనైనా దొరుకుతాయి. స్ప్లెండర్‌కి పేరెక్కువ, పాతదానికి కూడా ధర దిగదు. హెచ్ఎఫ్ డీలక్స్‌లో ఉండేదీ ఆ 97.2 సీసీ ఇంజనే, కాస్త తక్కువకి వస్తుంది. ఇంకో మాట గుర్తుపెట్టుకో. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 తప్పనిసరైంది, ఆ బండ్లలో చాలావాటికి కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. మంచిదే, కానీ పాడైతే చిన్న షెడ్డులో చూసేవాళ్లు తక్కువ. 125 సీసీ లోపు బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి రెండు బ్రేకులూ కలిసి పడే పద్ధతి తప్పనిసరైంది. అంటే 2019 ఏప్రిల్ తర్వాత, 2020 మార్చి లోపల తయారైన, బీఎస్6 కాని బండిలో పాత కార్బురేటరూ ఉంటుంది, ఆ బ్రేకూ ఉంటుంది. నీలాంటి కొత్తవాడికి అంతకంటే మంచి బేరం ఉండదు. ముప్పై లోపల దొరికితే వదలొద్దు.

బండి చూడటానికి తెల్లారే పో. అమ్మేవాడు ముందే స్టార్ట్ చేసి వేడి చేసి పెడితే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చెయ్. చల్లటి ఇంజన్ కిక్కు కొడితే ఎట్లా లేస్తుందో చూడాలి. సైలెన్సర్‌లో నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోందని, బోరు చేయించే ఖర్చు నీ నెత్తిన పడుతుందని అర్థం. ముందు షాకుల మీద ఆయిల్ జిడ్డు ఉందేమో చూడు. స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లాగా వంగితే చైన్ కిట్ మార్చాలి, ఆ డబ్బు బేరంలో తగ్గించుకో. ఆర్‌సీలో ఉన్న చాసిస్ నంబరు, బండి మీద కొట్టిన నంబరు ఒకటేనా? ఫైనాన్స్ తీరిందా? చలాన్లు మిగిలున్నాయా? ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టనివాడికి పైసా ఇవ్వొద్దు. స్నేహితుడి పేరు మీదున్న బండిని ఏళ్ల తరబడి తోలేవాళ్లు మనూళ్లో చాలామంది ఉన్నారు. సొంతదారు తోలుతూ ప్రమాదానికి గురైతే వర్తించే 15 లక్షల ప్రమాద బీమా నీ పేరు మీద బండి, నీ చేతిలో లైసెన్సు ఉంటేనే నీకు పనికొస్తుంది. థర్డ్ పార్టీ బీమా 2022 జూన్ నుంచి వచ్చిన రేటు ప్రకారం 75 నుంచి 150 సీసీ బండికి ఏడాదికి 714 రూపాయలు, పైన పన్ను. అది లేకుండా పట్టుబడితే మొదటిసారే రెండు వేలు. లైసెన్సు లేకుండా తోలితే ఐదు వేలు. ఎల్‌ఎల్‌ఆర్, అంటే లెర్నర్ లైసెన్సు, తీసుకున్న ముప్పై రోజుల తర్వాత పరీక్షకి పోవచ్చు, అది ఆరు నెలలు చెల్లుతుంది. ఉద్యోగంలో చేరకముందే ఆ పని మొదలుపెట్టు.

హెల్మెట్ గురించి బతిమాలి చెబుతున్నా. రోడ్డు పక్కన మూడొందలకి అమ్మే టోపీ కొనొద్దు. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అనే నంబరు చూసి, తలకి బిగుతుగా పట్టేది తీసుకో. ఎవరిదో వాడింది వద్దు. ఒకసారి దెబ్బ తిన్నాక లోపలి థర్మోకోల్ అణిగిపోతుంది, పైకి కొత్తదానిలాగే కనబడుతుంది. గడ్డం కింద క్లిప్పు పెట్టకపోతే అది పెట్టుకోనట్టే.

ఇక రోడ్డు. 18వ నంబరు హైవే అనే రోజుల నుంచి, నాలుగు వరసలై 40వ నంబరు అయిన దాకా ఈ దారిలోనే బస్సు తోలినవాణ్ణి. బస్సు సీట్లో నుంచి మోటారు సైకిళ్లవాళ్లని చూస్తే గుండె ఎన్నిసార్లు ఆగిందో. బస్సు ఆగినప్పుడు ఎడమ పక్క నుంచి దూరొద్దు, మెట్ల మీద నుంచి ముసలమ్మ దిగుతుంటుంది. నా అద్దంలో నా మొహం నీకు కనబడలేదంటే నువ్వు నాకు కనబడనట్టే. సిరివెళ్ల మెట్ట దగ్గర అర కిలోమీటరు చుట్టు తిరగడం కష్టమని రాంగ్ రూట్లో వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లలో నువ్వు ఉండొద్దు, వాళ్లు ఎదురొస్తారని మాత్రం మరిచిపోవద్దు.

వాన పడ్డాక పొలాల్లో నుంచి వచ్చే ట్రాక్టర్ల టైర్లకి అంటుకున్న నల్లరేగడి రోడ్డు మీద రాలుతుంది. దాని మీద ముందు బ్రేకు గట్టిగా పట్టావంటే బండి పడుకుంటుంది. దాన్ని దూరం నుంచే గమనించి, గేరు తగ్గించి, హ్యాండిల్ నేరుగా పెట్టి దాటు. కోతల రోజుల్లో వడ్లూ మొక్కజొన్నలూ రోడ్డు మీదే ఆరబోస్తారు. రాత్రి వాటి చుట్టూ పెట్టిన రాళ్లు కుప్ప దగ్గరికి వచ్చేదాకా కనబడవు. వెనక లైటు లేని ట్రాలీలు కూడా అప్పుడే ఎక్కువ. సంక్రాంతి వెళ్లాక అహోబిలం స్వామి పారువేటకి పల్లెపల్లెకీ వస్తాడు, నలభై రోజుల పైన జనం రోడ్డు మీదే ఉంటారు. ఆ రోజుల్లో రాత్రి పూట నెమ్మదిగా రా, పల్లకి కనబడితే దిగి నడిపించుకో. ఎదురు లైటు కళ్లల్లో కొడితే దాన్ని చూడకు, రోడ్డు ఎడమ అంచు చూస్తూ వేగం తగ్గించు.

మొదటి నెల హైవే ఎక్కొద్దు. ఎల్‌ఎల్‌ఆర్ చేతికొచ్చాక ఆదివారాలు పొద్దున్నే ఖాళీ మైదానంలో రెండు బ్రేకులూ కలిపి పట్టి ఆగడం నేర్చుకో. అది వచ్చాక, లైసెన్సున్న పెద్దవాళ్లని తోడు తీసుకుని అహోబిలం దారిలో పోయి రా. గిద్దలూరు ఘాటు, శ్రీశైలం ఇప్పుడు వద్దు, నల్లమల ఎక్కడికీ పోదు. బండి కొన్నాక కూడా గట్టి వాన రోజు, నిద్ర చాలని రోజు, మే నెలలో నంద్యాల 44 డిగ్రీలు దాటే మధ్యాహ్నాలు బస్సెక్కు. బండి ఉంది కదా అని బస్సు మానేయాలనేం లేదు.

నెలకి రెండు వేల కిలోమీటర్లు తిరిగే బండికి ఆయిల్ నెలన్నరకోసారి మార్చాలి. గాలి వారానికోసారి, పొద్దున టైర్లు చల్లగా ఉన్నప్పుడే పట్టించు. చైన్‌కి ఆయిల్ వారం దాటనివ్వకు. ఈ పనులకి నెలకి ఐదొందలు జీతం వచ్చిన రోజే పక్కన పెట్టు.

బేరం ఖాయం చేసే ముందు నాకు ఫోన్ చెయ్యి. ఆళ్లగడ్డలో అయినా, నంద్యాలలో అయినా తెల్లారేసరికి వస్తా, ఇద్దరం కలిసి చూద్దాం. బండి స్టార్ట్ చెయ్యకుండా ఉంచమని అమ్మేవాడికి ముందు రోజు రాత్రే చెప్పి పెట్టు.

ఇట్లు
మీ మామ