చిన్న కెమెరాతో చంద్రుడు, చీమ

మన యిండ్లలో అనేకముల బీరువా అడుగున ఒక చిన్న జూము కెమెరా పడియున్నది. పెండ్లికో పుట్టినరోజునకో కొన్నది. చేతిఫోను వచ్చిన పిమ్మట దానిని ముట్టువారు లేరు. దానిని పారవేయవలదనియు, బిడ్డల చేతికి ఇవ్వవలసినదనియు తల్లిదండ్రులకు మనవి చేయుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము. ఆ చిన్న పెట్టె దూరదర్శినియు కాదు, సూక్ష్మదర్శినియు కాదు. కాని ఆ రెంటికిని తొలిమెట్టు కాగలదు. సాయంకాలము చంద్రుని చూపును. ఉదయము చీమను చూపును.

ఈ రెండు పనులకును మూలసూత్రము ఒక్కటే. పెరటి నేలమీద కోడి గీరిన గుంటలు మిట్టమధ్యాహ్నము చదునుగా తోచును. సాయంకాలపు ఏటవాలు ఎండలో ప్రతి గుంటయు తన నీడతో స్పష్టముగా నిలుచును. ఎదుటనుండి పడు వెలుతురు రంగును చూపును. పక్కనుండి పడు వెలుతురు రూపును చూపును. ఈ మాటను బిడ్డ గ్రహించినచో తక్కినదంతయు అభ్యాసమే.

కెమెరాను తెలిసికొనుట

మొదట కటకము చుట్టునున్న వలయముమీది అంకెలను బిడ్డచేత చదివింపవలెను. అచ్చట 4.3–129 అని యున్నదనుకొందము. ఇది కటకము యొక్క నాభ్యంతరము, మిల్లీమీటర్లలో. 129ని 4.3చే భాగించిన 30 వచ్చును. కావున అది 30 రెట్ల జూము కెమెరా.

ఇక చంద్రుని బింబము లోపల ఎంత పెద్దదిగా పడునో లెక్కింతము. చంద్రుని సగటు దూరము 3,84,400 కిలోమీటర్లు. వ్యాసము 3,474 కిలోమీటర్లు. అనగా దూరము వ్యాసమునకు సుమారు 110 రెట్లు. అదే నిష్పత్తిలో కెమెరాలోని బింబము కూడ నాభ్యంతరములో 110వ వంతు ఉండును. జూము చేయనప్పుడు 4.3 మిల్లీమీటర్లకు బింబము 0.04 మిల్లీమీటరు మాత్రమే. అందుచేతనే చిత్రములో చంద్రుడు తెల్లని చుక్కవలె కనబడును. పూర్తిగా జూము చేసినచో 129 మిల్లీమీటర్లకు సుమారు 1.2 మిల్లీమీటర్లు. ఇట్టి కెమెరాలలో చిత్రము పట్టు పలక ఎత్తు సుమారు 4.5 మిల్లీమీటర్లే గాన, చంద్రుడు ఆ ఎత్తులో నాలుగవ వంతు ఆక్రమించును. పెద్ద గుంటలను గుర్తించుటకు అది చాలును. 2018లో వెలువడిన నికాన్ కూల్‌పిక్స్ పి1000 అను కెమెరాకు 539 మిల్లీమీటర్ల నాభ్యంతరము కలదు. అందులో చంద్రబింబము పలక ఎత్తును మించిపోవును.

డిజిటల్ జూము అను ఏర్పాటును మాత్రము ఆపివేయవలెను. అది చిత్రము నడుమ ముక్కను కత్తిరించి పెద్దది చేయుటయే గాని, కొత్త వివరమును తెచ్చునది కాదు.

చంద్రుని చిత్రము

పున్నమినాడే చంద్రుని ఫోటో తీయవలెనని అందరును తలచెదరు. నిజమునకు రూపము చూచుటకు పున్నమి అంత అనుకూలము కాదు. ఆనాడు సూర్యకాంతి మనవైపునుండియే పడుటచేత నీడలుండవు, గుంటలు చదునైపోవును. టైకో గుంటనుండి వెలువడు తెల్లని చారలు మాత్రము ఆనాడు బాగుగా కనబడును. రూపము కావలెనన్న శుక్ల పంచమి మొదలు దశమి వరకు తీయవలెను. వెలుగు చీకట్లు కలియు సరిహద్దు వెంబడి కొండల నీడలు, గుంటల అంచులు తేటగా నిలుచును. అష్టమినాడు దీపములు పెట్టువేళకే చంద్రుడు ఆకాశపు నడిమికి వచ్చియుండును. బిడ్డలను నిద్ర మాన్పవలసిన పని లేదు.

మన కాట్పాడికి ఇందులో ఒక భాగ్యము కలదు. మనది సుమారు 13వ ఉత్తర అక్షాంశము. ఏ మాసమునందైనను చంద్రుడు నడిమింటికి వచ్చునప్పుడు ఇచ్చట 45 అంశలకు తక్కువ ఎత్తున ఉండడు. ఎత్తున ఉన్నకొలది మధ్యనున్న గాలిపొర తగ్గి బింబము తక్కువగా వణకును. 30 అంశల ఎత్తున చూచునప్పుడు నడినెత్తిన చూచినదానికి రెండింతల గాలిగుండ చూడవలసివచ్చును. జంక్షను దీపముల వెలుగు నక్షత్రములను మరుగుపరచవచ్చును గాని చంద్రుని మరుగుపరచలేదు.

తీయు పద్ధతి ఇది. కెమెరాను మూడుకాళ్ల నిలుపుమీద, అది లేనిచో మిద్దె పిట్టగోడమీద ఇసుక నింపిన గుడ్డసంచి పెట్టి దానిమీద నిలుపవలెను. మీట నొక్కిన వ్రేలి కదలిక చిత్రమును చెరచును. కావున సెల్ఫ్ టైమరును రెండు సెకన్లకో పది సెకన్లకో అమర్చవలెను. నిలుపుమీద ఉన్నప్పుడు కదలికను సర్దు ఏర్పాటును ఆపుట మేలు. చంద్రుని అంచుమీద గురిపెట్టి మీటను సగము నొక్కి బింబమును స్పష్టపరచుకొనవలెను. చంద్రుడు రెండు నిమిషములలో తన వెడల్పంత దూరము జరుగును గాన మాటిమాటికి గురి సరిచేయవలసియుండును.

వెలుతురు విషయమున కెమెరా మోసపోవును. చుట్టునున్న నల్లని ఆకాశమును చూచి, చీకటియని తలచి, ఎక్కువసేపు తెరచియుంచును. చంద్రుడు సున్నపు బిళ్లవలె తెల్లబడును. చంద్రుని నేల నిజమునకు నల్లరాతినేల వంటిది. పడిన వెలుతురులో సుమారు 12 శాతమే తిరిగి పంపును. అయినను అది ఎండలోనున్న నేల. ఎండలోనున్న వస్తువును తీసినట్లే తీయవలెను. కెమెరాను మన అదుపులో నుంచుకొనగల ఏర్పాటున్నచో ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్ సంఖ్య 6.3 దగ్గర ఉంచి, పున్నమినాడు సెకనులో 300వ వంతు, అష్టమినాడు 60వ వంతు, పంచమినాడు 30వ వంతుతో ఆరంభించి, అటు నిటు మార్చి చూడవలెను. ఆ ఏర్పాటు లేనిచో వెలుతురు సవరణను మైనస్ 2కు త్రిప్పినను చాలవరకు సరిపోవును. ఒక్క చిత్రముతో తృప్తి పడక పదియైనను తీసి, గాలి నిలకడగా నున్న క్షణమున పడినదానిని ఎన్నుకొనవలెను.

చిత్రము పాఠమగుట

చిత్రమును గోడకు అంటించుటతో పని ముగియదు, దానిని కొలువవలెను. చంద్రుని వ్యాసము 10 సెంటీమీటర్లు వచ్చునట్లు అచ్చు వేయించినచో ఒక మిల్లీమీటరు సుమారు 35 కిలోమీటర్లగును. నవమి, దశమి దినములలో కోపర్నికస్ గుంట సరిహద్దు దగ్గర కనబడును. స్కేలుతో కొలిచిన అది మూడు మిల్లీమీటర్లకు కొంచెము తక్కువగా వచ్చును. దాని నిజమైన వెడల్పు సుమారు 93 కిలోమీటర్లు. తన కొలత ఆ సంఖ్యకు దగ్గరగా వచ్చుట చూచిన బిడ్డకు త్రైరాశికము ఎందుకు నేర్పుచున్నారో వేరుగ చెప్పనక్కరలేదు. మన శ్రీహరికోట నుండి 2023 జూలై 14న బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న దిగినచోటు దక్షిణమున 69వ అక్షాంశము దగ్గర. ఆ చోటు ఎచ్చట నుండునో ఆ చిత్రముమీదనే గుర్తింపవచ్చును.

చేరువ వస్తువుల చిత్రము

ఇక చీమవైపు వత్తము. కెమెరామీద పువ్వు గుర్తుగల మీట మాక్రోకు సంబంధించినది. అది నొక్కి, జూమును పూర్తిగా తగ్గించినచో అనేక కెమెరాలు 1 నుండి 5 సెంటీమీటర్ల దూరములోని వస్తువును స్పష్టముగా చూపును. జూము పెంచినకొలది అంత దగ్గరకు పోలేము. అయితే అంత చేరువకు పోయినప్పుడు కెమెరా నీడయే వస్తువుమీద పడును. ఫ్లాషు వెలుగును కటకము అడ్డగించును. కాబట్టి కిటికీ పక్కన కూర్చుండి, ఒకవైపునుండి వెలుతురు పడనిచ్చి, రెండవవైపున తెల్లకాగితము నిలిపి నీడను కొంచెము మెత్తపరచవలెను.

చీమ దగ్గరకు పోయిన అది పరుగెత్తును. దానికి ఒక ఉపాయము కలదు. 25 సెంటీమీటర్ల నాభ్యంతరముగల భూతద్దమును కటకమునకు ముందు నిటారుగా అమర్చి, జూమును 100 మిల్లీమీటర్ల వరకు పెంచి, చీమను సుమారు 25 సెంటీమీటర్ల దూరములో నుంచవలెను. 100ని 250చే భాగింపగా వచ్చు 0.4 బింబపు పరిమాణము. పలక వెడల్పు 6.2 మిల్లీమీటర్లు గాన చిత్రములో పట్టు వెడల్పు సుమారు 15 మిల్లీమీటర్లు. మామిడిచెట్టుమీది ఎర్రచీమ అందులో హాయిగా ఇమిడిపోవును; మనమును దానికి దూరముగా నుందుము.

ఇంత చేరువలో స్పష్టముగా నుండు మందము కొద్ది మిల్లీమీటర్లే. కావున కెమెరాను కదపక, వస్తువును కాగితముమీద పెట్టి కాగితమునే మెల్లగా ముందు వెనుకలకు జరుపవలెను. కీటకములకు తెల్లవారుజాము మంచివేళ. చలికి మందముగా నుండును. చిత్రము కొరకు వాటిని చంపుటగాని, రెక్కలు పెరుకుటగాని కూడదని బిడ్డలకు మొదటనే చెప్పవలెను.

మొదటి అభ్యాసమునకు చీమకంటె కదలని వస్తువు మేలు. గుడియాత్తము లుంగీ ఒకటి ప్రతి యింటను దొరకును. దానిపై ఒక సెంటీమీటరు గుర్తుగల స్కేలు నుంచి, పక్కవెలుతురులో తీసి, ఆ కొలతలో పడుగు పోగులెన్నియో, పేక పోగులెన్నియో లెక్కింపవలెను. బట్ట వర్తకులు చిన్న భూతద్దముతో చేయు పనియే ఇది. తండ్రియో తాతయో మగ్గమెరిగినవారైనచో వారిచేతనే బిడ్డకు పోగుల పేర్లు చెప్పింపవలెను. పాలారు ఇసుకను చిన్న పళ్లెములో పోసి, నడుమ వ్రేలితో గుంటచేసి, దివిటీ దీపమును పక్కనుండి చూపి తీసినచో, చంద్రునిమీది గుంట ఏల అట్లు కనబడునో ఒక్క చూపులో తెలియును. దీపమును నెత్తిమీదికి ఎత్తినంతనే ఆ గుంట మాయమగును. పున్నమి కథయు అదియే.

కన్నది వేరు, కల్పించినది వేరు

ఫోనుతోనే చంద్రుడు ఇంతకంటె చక్కగా వచ్చుచుండగా ఈ శ్రమ యెందుకని కొందరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. 2023 మార్చిలో ఒకరు చంద్రుని బొమ్మను కావలెనని మసకపరచి, కంప్యూటరు తెరమీద ఉంచి, గదిని చీకటిచేసి, దూరమునుండి శాంసంగ్ ఫోనుతో తీసిరి. తెరమీద లేని వివరములు ఫోను చిత్రములో కనబడినవి. ఫోను చంద్రుని గుర్తించి, తాను నేర్చిన చంద్రుల సాయముతో వివరమును పెంచుచున్నదని తేలినది; ఆ సంస్థవారును ఆ ఏర్పాటును వివరించిరి. అందమైన బొమ్మ కావలెనన్న అందులో దోషము లేదు. కాని బిడ్డ తాను చూచినదేదో, యంత్రము చేర్చినదేదో ఎరుగక, ఆ బొమ్మను చూపి “నేను చూచితిని” అని చెప్పుట విజ్ఞానము కాదు. ఈ భేదము నేర్పవలసిన వయస్సు బాల్యమే.

ఇందుకు దృష్టాంతము మన చేరువనే కలదు. వాణియంబాడి దాటి ఆలంగాయము మీదుగా పోయినచో జవ్వాది కొండలలో కావలూరు వేధశాల ఉన్నది. దానిని నెలకొల్పిన వైను బప్పు 1927లో జన్మించిరి. తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేయుటచేత ఆ నగరముననే పెరిగి, నిజాం కళాశాలలో చదివిరి. 1949లో హార్వర్డులో విద్యార్థిగా నున్నప్పుడు తాము తీసిన ఛాయాచిత్ర ఫలకమును శ్రద్ధగా పరిశీలించుచు ఒక కొత్త తోకచుక్కను కనుగొనిరి. అది బప్పు–బాక్–న్యూకర్క్ అను పేర వెలసినది. ఫలకముమీద నున్న ఆ చిన్న మరక యంత్రము చక్కదిద్దినదైనచో ఆ తోకచుక్క ఉండెడిది కాదు. 1977 మార్చి 10న యురేనస్ గ్రహము ఒక నక్షత్రమునకు అడ్డువచ్చినప్పుడు కావలూరులోని ఒక మీటరు దూరదర్శినితో తీసిన కొలతలును ఆ గ్రహపు వలయములను నిరూపించిన సాక్ష్యములలో చేరినవి. బప్పు 1982లో మరణించిరి, అచ్చటి 2.34 మీటర్ల దూరదర్శినికి 1986లో వారి పేరు పెట్టబడినది.

తల్లిదండ్రులు చేయవలసినది

కెమెరాతోపాటు బిడ్డకు ఒక నోటుపుస్తకము నీయవలెను. ఫోటో తీయుటకు ముందు కంటితో చూచినదానిని పెన్సిలుతో గీయింపవలెను. తిథి, గంట, చోటు, షట్టరు వేగము వ్రాయింపవలెను. చిత్రము క్రింద నాలుగు వాక్యములు తెలుగున వ్రాయింపవలెను. సరిహద్దు, నీడ, అంచు, పడుగు, పేక అను మాటలు ఇంటనే ఉన్నవి. వానితో శాస్త్రము వ్రాయవచ్చునని బిడ్డకు తెలియుట ఈ పాఠములో రెండవ ఫలము.

ఒక హెచ్చరిక. ఏ కారణము చేతను జూము కెమెరాను సూర్యునివైపు త్రిప్పనీయకూడదు. కటకము గుండ కూడిన వెలుగు కెమెరా పలకను కాల్చును. చూచు గాజుకిటికీ ఉన్నచో కన్నును పోగొట్టును. చంద్రునికడ ఆ భయము లేదు.

రాబోవు శుక్ల అష్టమినాడు బీరువా తెరచి కెమెరాను బయటికి తీసి, బ్యాటరీ నింపి, బిడ్డతోపాటు మిద్దె యెక్కవలసినదిగా కోరుచున్నాము. మొదటి చిత్రము మసకగా వచ్చినను దానిని చెరపివేయవలదు. ఆ మసక చంద్రుడు బిడ్డ స్వయముగా చూచిన చంద్రుడు.