స్కాన్ కవరు చేతికొచ్చాక

హైదరాబాద్ గౌలిపుర నుంచి వచ్చిన ఆలుమగలు నా బల్ల మీద బట్టల షాపు సంచీ ఒకటి పెట్టారు. అందులో గర్భంలోని బిడ్డకు లోపాలున్నాయేమో చూసే టిఫా స్కాన్ కవరు ఉంది. గర్భం 21 వారాల 4 రోజులు. బిడ్డ మెదడులో కుడి ఎడమ భాగాలను కలిపే కార్పస్ కలోసమ్ కనబడడం లేదని రిపోర్టు. "తీసేయించుకోండి, ఆలస్యమైతే మా చేతుల్లో లేదన్నరు" అన్నాడు భర్త. ఆ ఆస్పత్రి పేరు మనకు అనవసరం. "కోర్టుకు పోవాల్నా వకీలమ్మా? నేను సంతకం పెట్టాల్నా?" అని అతను అడుగుతూనే ఉన్నాడు. ఆమె మాత్రం ఒక్కటే అడిగింది. "పుట్టినంక నడుస్తదా, మాట్లాడ్తదా?"

దానికి జవాబు వకీలు దగ్గర ఉండదు. కానీ ఆ జవాబు తెలుసుకున్నాకే నిర్ణయం తీసుకునే హక్కు ఆమెకు ఉంది. ఈ లోపం ఒక్కటే ఉండి, మెదడులో మిగతా భాగాలూ క్రోమోజోములూ బాగుంటే మూడింట రెండొంతుల మంది పిల్లలు దాదాపు మామూలుగానే ఎదుగుతారని డాక్టర్లు చెబుతారు. అందులోనూ కొందరికి బడి వయసు వచ్చాక చదువులోనో, ధ్యాస నిలపడంలోనో ఇబ్బంది బయటపడుతుంది. వేరే లోపాలు కూడా తోడైతే లెక్క మారిపోతుంది. మెదడులోని నీటి గదులు పెద్దవయ్యాయన్న రిపోర్టుదీ ఇదే కథ. వెడల్పు 10 నుంచి 12 మిల్లీమీటర్ల మధ్య ఉండి మరే లోపమూ లేకపోతే నూటికి తొంభై మందికి పైగా బాగానే ఉంటారు. 15 దాటితే భయపడాల్సిందే. కాబట్టి ఒక్క స్కాన్ చూసి పరుగెత్తకూడదు. గర్భస్థ శిశువుకు ఎం.ఆర్.ఐ., ఉమ్మనీటి పరీక్ష, పిల్లల న్యూరాలజిస్టు సలహా అడగాలి. ఉమ్మనీరు తీసేముందు దానివల్ల వచ్చే ఇబ్బందులన్నీ చెప్పి, ఆమెకు అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా అంగీకారం తీసుకుని, ఆ కాగితం నకలు ఆమెకే ఇవ్వాలని 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టమే చెబుతోంది. ఆ చట్టం పేరెత్తి స్కాన్ కాగితాలు ఇవ్వడానికి వెనకాడేవాళ్ళూ ఉన్నారు. అది కుదరదు. ఆడా మగా అన్నది తేల్చడం, చెప్పడమే నేరం, లోపాన్ని వెతికే పరీక్షకు చట్టం అనుమతి ఉంది. రికార్డులు కావాలని రాసిస్తే 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల వృత్తి నియమావళి 2002 నుంచీ అంటోంది.

ఇక సంతకం సంగతి. గర్భస్రావానికి పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీ అంగీకారం ఒక్కటి చాలు. భర్త సంతకం చట్టంలో ఎక్కడా లేదు, అత్తగారిది అసలే లేదు. ఆమె వద్దంటే డాక్టరు సహా ఎవరూ చేయడానికి వీల్లేదు. ఈ మాట నేను అతని వైపు తిరిగి చెప్పాను. అతను తల వంచుకున్నాడు, పాపం భయం తప్ప అతనిలో దురుద్దేశం లేదు.

కోర్టుకు పోవాలా అంటే, అవసరం లేదు, ఇంకా సమయం ఉంది. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం 20 వారాల దాకా ఒక్క డాక్టరు అభిప్రాయం సరిపోతుంది. బిడ్డకు తీవ్రమైన లోపం ఉండే ప్రమాదం ఉంటే 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్లు చెప్పాలి. 24 దాటితే మెడికల్ బోర్డు ఉంది. గణనీయమైన లోపం ఉందని బోర్డు తేలిస్తే వారాల పరిమితే లేదు. అర్జీ అందిన 3 రోజుల్లో బోర్డు అభిప్రాయం చెప్పాలి, ఒప్పుకుంటే అర్జీ అందిన 5 రోజుల్లోగానే ప్రక్రియ జరగాలి. "24 దాటింది, మా వల్ల కాదు" అని పంపించేస్తే ఆ మాటే కాగితం మీద రాసివ్వమనండి.

బోర్డు కాదంటేనే హైకోర్టు. 2022 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ముందుకు 33 వారాల గర్భిణి వచ్చింది. బిడ్డ మెదడులో లోపం. బోర్డు వద్దంది. వైకల్యం ఏ మేరకు ఉంటుందో చెప్పలేమని డాక్టర్లు అంటే, అలాంటప్పుడు చివరి మాట తల్లిదేనని జస్టిస్ ప్రతిభా సింగ్ అనుమతించారు. అయితే అన్ని కేసులూ ఇలా ముగియవు. 2017లో డౌన్ సిండ్రోమ్ ఉన్న 26 వారాల గర్భం విషయంలో సుప్రీంకోర్టు కాదంది. ఈ రెండింటి మధ్య మీ కేసు ఎటు పడుతుందో ముందే చెప్పే వకీలు దొరికితే నమ్మకండి.

ఖర్చు గురించి కంగారు వద్దు. స్త్రీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. గౌలిపుర నుంచి పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టు ఆటోలో కాసేపటి దారి, న్యాయ సేవాధికార సంస్థ అక్కడే ఉంది. హైకోర్టూ మూసీ ఒడ్డునే. ఫోన్ చేయాలంటే 15100. టిఫా మళ్ళీ చేయించుకోవాలంటే పేట్లబుర్జ్ ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రి కూడా దగ్గరే. 2022లో సర్కారు దవాఖానాలకు టిఫా యంత్రాలు ఇవ్వడం అక్కడినుంచే మొదలుపెట్టారు.

"ఉంచుకుంటే?" అంది ఆమె, చాలాసేపటికి.

ఉంచుకుంటే బిడ్డ పుట్టిన రోజునుంచే లెక్క. మెడ ఎప్పుడు నిలబెట్టింది, బోర్లా ఎప్పుడు పడింది, పిలిస్తే తిరిగిందా, తేదీలు వేసి రాసిపెట్టండి. ఎదుగుదల వెనకబడితే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే సత్వర చికిత్సా కేంద్రాల్లో ఫిజియోథెరపీ, మాట నేర్పే శిక్షణ ఉచితం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం నడిచే జాతీయ సంస్థలోనూ చిన్నపిల్లలకు శిక్షణ ఇస్తారు. చాలామంది పొరబడేది సర్టిఫికెట్ దగ్గర. స్కాన్‌లో లోపం కనబడినంత మాత్రాన వికలాంగుల సర్టిఫికెట్ రాదు. బిడ్డ ఏం చేయగలుగుతోంది, ఏం చేయలేకపోతోంది అన్నది చూసే వైకల్యం శాతం వేస్తారు. అయిదేళ్ళలోపు ఇచ్చేది తాత్కాలికం, తర్వాత మళ్ళీ చూపించాలి. 40 శాతం వస్తే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు, మామూలు బడిలోనా ప్రత్యేక బడిలోనా అన్నది మీ ఇష్టం. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడీ లోపం ఉందని సీటు నిరాకరించకూడదు. ఆసరా పింఛనూ 40 శాతానికే. 2023లో దాన్ని 4,016 రూపాయలు చేశారు. సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం లాంటివి తేలితే నిరామయ బీమా కింద ఏటా లక్ష రూపాయల దాకా వైద్యఖర్చు, థెరపీతో సహా.

ఆమె కవరు తిప్పి, వెనక ఖాళీగా ఉన్నచోట రాయమంది. 24 వారాలు ఏ రోజుకు నిండుతాయో లెక్కగట్టి రాశాను. నా చేతిలో పెన్ను తీసుకుని, దానికంటే పైన, ఎం.ఆర్.ఐ. అని తనే రాసుకుంది. తేదీ పక్కన ఖాళీ వదిలింది.