ఆకాశమున ఆఘాత తరంగములు

గోదావరి మధ్య డెల్టాలో, సముద్రమునకు చేరువగా అల్లవరము కలదు. ధవళేశ్వరము ఆనకట్టనుండి వచ్చు కాలువల నీరే ఆ ప్రాంతపు వరిచేలకు ఆధారము. తూము తలుపును కొంచెమెత్తినచో నీరు దాని క్రిందనుండి పలుచని పొరయై అతివేగముగా దూసికొని వచ్చును. కొంతదూరము పోవునప్పటికి ఒకచోట హఠాత్తుగా పైకిలేచి, నురుగులు గ్రక్కి, ఆపైన లోతై మెల్లగా సాగును. ఆ నురుగు గీత ఉన్నచోటనే యుండును. నీరు మాత్రము దానిగుండ పోవుచునే యుండును. గీతకు ఈవల వేగము, ఆవల లోతు. ఇట్టి గీతయే దాదాపు 400 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున, ఆకాశములో నొకచోట శాస్త్రజ్ఞులకు కనబడినది.

గెలాక్సీలు వందలుగను వేలుగను చేరి గుచ్ఛములగును. వాని నడుమ నున్న చోటు వట్టి శూన్యము కాదు. అచట మిక్కిలి పలుచని వాయువు నిండియుండును. గుచ్ఛములోని నక్షత్రములన్నిటికంటె ఆ వాయువు బరువే హెచ్చు! కోట్లకొలది డిగ్రీల వేడిమి కలదగుటచే అది ఎక్స్ కిరణములను వెలువరించును. వానిని మన వాతావరణము నేలకు చేరనీయదు. 1968లో టాటా మూలపరిశోధన సంస్థవారు హైదరాబాదునుండి బెలూను నెగురవేసి, వృశ్చికరాశిలోని యొక ఎక్స్ కిరణ మూలమును పరిశీలించిరి. కాని బెలూను పోగల యెత్తునకు తీవ్రమైన కిరణములే చేరును. గుచ్ఛముల వాయువును చక్కగా చూచుటకు ఉపగ్రహమే శరణ్యము. అట్టివానిలో 1999లో అమెరికావారు పంపిన చంద్రా దూరదర్శిని ముఖ్యమైనది. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖరుగారి పేరే దానికి పెట్టబడినది.

రెండు గుచ్ఛము లొకదాని నొకటి ఆకర్షించుకొని ఢీకొన్నపుడు, వాయువు ధ్వనివేగమును మించి పరుగెత్తినచో ఎదుటి వాయువునకు ముందుగా సూచన యందదు. అది తప్పుకొనుటకు వ్యవధిలేక ఒక్కుమ్మడి నొత్తుకొని వేడెక్కును. అదియే ఆఘాత తరంగము. అయితే చిత్రములో పదునైన అంచు కనబడినంతమాత్రమున దానిని ఆఘాతమనరాదు. 2000లో ఏబెల్ 2142 అను గుచ్ఛమునం దట్టి అంచులు కనబడినవి. వేడిమిని కొలిచి చూడగా చిక్కనివైపే చల్లగా నున్నది. ఆఘాతమైనచో చిక్కనివైపే వేడిగా నుండవలెను గదా! అవి చల్లని వాయువు యొక్క పొలిమేరలు మాత్రమే యని తేలినది.

2002లో మార్కెవిచ్, ఆయన సహచరులు బుల్లెట్ గుచ్ఛమను దానిలో నిజమైన ఆఘాతమును చూపిరి. అచట చిన్న గుచ్ఛ మొకటి పెద్దదానిని చీల్చుకొని ఆవలికి వచ్చినది. దాని ముందర వింటివలె వంగిన అంచు కలదు. ఎక్స్ కిరణముల ప్రకాశము సాంద్రత యొక్క వర్గము ననుసరించును గనుక, ప్రకాశము పెరిగిన తీరునుబట్టి సాంద్రత సుమారు మూడురెట్లైనదని లెక్కకట్టిరి. అట్టి పెరుగుదలకు వేగము ధ్వనికి మూడురెట్లుండవలెను. అనగా సెకనుకు సుమారు 4,700 కిలోమీటర్లు.

2006లో మరియొక వింత తెలిసినది. ఢీకొనుటలో వాయువు వెనుకబడగా గెలాక్సీలు ముందునకు సాగిపోయినవి. గురుత్వమువలన కాంతి వంగిన తీరు చూడగా, ద్రవ్యములో హెచ్చుభాగము వాయువుతో గాక గెలాక్సీలతోనే యున్నది. కంటికిగాని ఎక్స్ కిరణములకుగాని చిక్కని కృష్ణపదార్థమునకు ఇది బలమైన సాక్ష్యము. కాని ఆ సిద్ధాంతమునకే ఒక చిక్కు వచ్చినది. 4,700 కిలోమీటర్ల వేగమును గురుత్వమొక్కటే కలిగింపజాలదని కొందరు సందేహించిరి.

కాలువలో ఎదురెదురుగా వచ్చు రెండు పడవలలో ఒకదానినుండి చూచువానికి రెండవది మిక్కిలి వేగముగా వచ్చుచున్నట్లు తోచును. 2007లో స్ప్రింగెల్, ఫారార్ అనువారు కంప్యూటరుపై ఆ ఢీకొనుటను మరల జరిపించి చూచిరి. ఆఘాతమునకు ముందున్న వాయువుకూడ చిన్న గుచ్ఛమునకు ఎదురుగా పరుగెత్తుచున్నదని తేలినది. వారి లెక్కలో చిన్న గుచ్ఛము యొక్క వేగము సెకనుకు సుమారు 2,600 కిలోమీటర్లే యైనది.